స్పీడ్ బోట్‌లో సీటు బెల్టు ఎందుకు లేదు? కడప జిల్లా బోటింగ్ రివ్యూ

మొన్న సెలవుల్లో ఇంటిల్లిపాదీ గండికోట చూసుకోని, అట్నే మన జిల్లాలోనే ఒక రిజర్వాయర్‌లో స్పీడ్ బోట్ ఎక్కినాం. బోటింగ్ వాళ్ళ పేరు రాయడం లేదు, మంచితో పాటు ఒక లోపం కూడా చెప్పేది ఉంది కాబట్టి. స్టార్లు 5కి 4.

రైడ్ సూపర్. ఒడ్డు దాటేదాకా మెల్లగా పోయి, లోతు వచ్చినంక డ్రైవర్ స్పీడ్ పెంచినాడు, బోటు మూతి పైకి లేసి మళ్ళీ నీళ్ళ మీద కూర్చోని జారతా పోతాంటే పిల్లోళ్ళు ఒకటే కేకలు. బోర్డు మీద ఉన్న రేటే తీసుకున్నారు, సీట్లకి మించి మనుషుల్ని కుక్కలేదు, అది నాకు శానా నచ్చింది.

బయల్దేరేముందు మా మామ డ్రైవర్ని పట్టుకున్నాడు, "ఏమప్పా, కార్లో బెల్టు పెట్టుకోకుంటే ఫైన్ వేస్తారే, ఇంత స్పీడు పోయే బోటులో ఒక్క బెల్టూ లేదే" అని. ఆ పిల్లోడు ఏమీ విసుక్కోకుండా "బెల్టు ఉండకూడదు పెద్దాయనా, బోటు తిరగబడితే మీరు బయటికి రావాల కదా" అన్నాడు. మామకి నమ్మకం కుదర్లేదు, ఇంటికొచ్చేదాకా అదే మాట. ఈ డౌటు శానా మందికి ఉంటుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాండా.

కారు గుద్దుకుంటే చుట్టూ ఇనుప గూడు ఉంటుంది, మనం ఆ గూట్లోనే ఉండాల, అందుకే బెల్టు ప్రాణం కాపాడుతుంది. కారు బోర్లా పడినా గాలి ఆడతాది. ఓపెన్ బోటుకి పైన ఏమీ లేదు, తిరగబడిందంటే మన తల నీళ్ళ కింద, సీటు మన మీద. బెల్టుతో కట్టేసి ఉంటే తలకిందులుగా, ఊపిరి బిగబట్టి, కళ్ళకేమీ కనపడకుండా చేత్తో బకిల్ వెతుక్కోవాల, దానికి తోడు లైఫ్ జాకెట్ మనల్ని పైకి తోసి బోటు అడుగుకి అదిమి పెడతాది. ఒడ్డు మీద కూర్చోని ఒక్క సెకన్లో ఇప్పేస్తాంలే అనుకునే బకిల్, నీళ్ళలో భయంతో వణికే చేతికి దొరకదు. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన బోటు అందరికీ గుర్తుండే ఉంటుంది, అది స్పీడ్ బోటు కాదు, బెల్టుల గొడవా కాదు, కానీ నెల దాటినంక దాన్ని బయటికి లాగితే లోపల ఇరుక్కుపోయిన శవాలు దొరికినాయి. మునిగే బోటులో నుంచి బయటపడే దారి ఉండాల, నేను చెప్పేది అదే.

మరి రేసు బోట్లలో బెల్టులు ఉంటాయి కదా అని అడగొచ్చు, మామ కూడా అడిగినాడు. 2018 నవంబర్‌లో విజయవాడ దగ్గర కృష్ణలో ఫార్ములా వన్ పవర్ బోట్ రేసులు జరిగినాయి, అవి గంటకి 200 కిలోమీటర్లు దాటి పోతాయి. ఆ స్పీడులో బయటికి విసిరేస్తే నీళ్ళు కూడా తారురోడ్డు మాదిరే తగులుతాయి. ఆ రేసుల్లో 1980ల మొదట్లో కూడా డ్రైవర్లు బెల్టు లేకుండా ఓపెన్ కాక్‌పిట్‌లోనే కూర్చునేవాళ్ళు, యాక్సిడెంట్ అయితే దూరంగా పడిపోవడమే మేలు అనేది అప్పటి లెక్క, అట్లనే శానా మంది పోయినారు కూడా. తర్వాత క్రిస్ హోడ్జెస్ అనే ఇంగ్లండ్ బోటు డిజైనర్ డ్రైవర్ చుట్టూ గట్టి క్యాప్సూల్ కట్టి, దాంట్లో బెల్టుతో కూర్చోబెట్టే పద్ధతి తెచ్చినాడు. ముందు క్యాప్సూల్, దాంట్లో బెల్టు, రెండూ కలిస్తేనే పని చేసింది. పైగా డ్రైవర్‌ని బెల్టు కట్టి నీళ్ళలో తలకిందులు చేసి బయటికి రమ్మని టెస్టు పెడతారు, రేసు జరిగేంతసేపూ డైవర్లు పక్కనే బోట్లలో రెడీగా ఉంటారు. ఇవేవీ లేకుండా మన పిక్నిక్ బోటు బెంచీకి రెండు బెల్టులు స్క్రూ వేస్తే సేఫ్టీ రాదు, ఇంకా ప్రమాదమే.

బెల్టు వద్దన్నాం అంటే ఏమీ వద్దని కాదు. నేను అన్నిటికంటే ముందు చూసింది డ్రైవర్ చెయ్యి. స్ప్రింగు మాదిరి చుట్టలు చుట్టలుగా ఉండే ఎర్ర తాడు, ఒక కొస ఆయన మణికట్టుకి, ఇంకో కొస స్టీరింగ్ పక్కన స్విచ్చికి క్లిప్పు. డ్రైవర్ ఎగిరి నీళ్ళలో పడితే క్లిప్పు ఊడి ఇంజిన్ ఆగిపోతాది. దీన్ని కిల్ కార్డ్ అంటారు. ఇది లేకపోతే డ్రైవర్ లేని బోటు గుండ్రంగా తిరిగొచ్చి పడినోళ్ళ మీదికే ప్రొపెల్లర్‌తో వస్తాది. ఇంగ్లండ్‌లో పాడ్‌స్టో దగ్గర 2013 మే నెలలో సరిగ్గా అట్లనే జరిగి తండ్రీ కూతురూ చనిపోయినారు, తాడు బోటులోనే ఉంది, నడిపేవాళ్ళకి తగిలించలేదంతే. అమెరికాలో 26 అడుగుల కంటే చిన్న బోట్లకి 2021 ఏప్రిల్ 1 నుంచి ఈ కటాఫ్ తగిలించుకోవడం చట్టమే చేసినారు. మన డ్రైవర్ మాత్రం మేం ఎవరూ అడక్కముందే తగిలించుకున్నాడు, ఆ పిల్లోడికి నా నమస్కారం.

కూర్చునే చోటు కూడా ముఖ్యమప్పా. ఫోటోల కోసం అందరూ ముందు సీటుకే ఎగబడతారు, అల తగిలినప్పుడు ముందు భాగమే ఎక్కువగా లేసి పడతాది, ఆ దెబ్బ నేరుగా వెన్నుపూసకి పోతాది, దానికి బెల్టు ఏమీ చెయ్యలేదు. నడుం నొప్పి ఉన్నోళ్ళు, వయసైనోళ్ళు వెనక సీట్లో కూర్చోని కమ్మీ గట్టిగా పట్టుకోండి. మామని వెనకే కూర్చోబెట్టినా.

ఇంగ ఆ లోపం. పెద్దోళ్ళ జాకెట్లు బాగున్నాయి, పట్టీలు గట్టివే, ఒకదానికి బకిల్ పగిలి ఉంటే చెప్పిన వెంటనే మార్చినారు. పిల్లల సైజు మాత్రం లేనే లేదు. మా చిన్నదానికి పెద్ద జాకెటే తగిలించి పట్టీలు బిగించినారు, భుజాల దగ్గర పట్టుకోని పైకి ఎత్తితే జాకెట్ చెవులదాకా లేసొచ్చింది, నీళ్ళలో పడితే పాప కిందికి జారిపోతాది, జాకెట్ ఒక్కటే తేలతాది. దాన్ని వాళ్ళమ్మ దగ్గర ఒడ్డునే వదిలినాం, ఏడ్చింది పాపం. మీరూ పిల్లల్ని ఎక్కించేముందు ఇట్ల ఎత్తి చూడండి. పెద్దోళ్ళు జాకెట్ లోపల చీటీ కూడా చూసుకోండి, దాని మీద ఉండే నంబరు మనిషి బరువు కాదు, నీళ్ళలో మనల్ని తేల్చే బలం (న్యూటన్లలో), 50 అని ఉంటే అది ఈత వచ్చినోళ్ళకి, ఈత రానోళ్ళకి 100 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాల. కౌంటర్‌లో ఆయనతో పిల్లల జాకెట్లు తెప్పించమని గట్టిగా చెప్పొచ్చినా, తెప్పిస్తే ఆ మిగిలిన స్టార్ కూడా ఇచ్చేస్తా. పొద్దున పూట పోండి, మధ్యాహ్నం దాటితే గాలికి అలలు లేసి కుదుపు జాస్తి.