సాగర్ ఒడ్డున పేరు లేని చేపల దుకాణం: ధర కంటే ముందు నీటి మట్టం చూడండి

నాగార్జునసాగర్ హిల్ కాలనీకి వెళ్ళే దారిలో రేకుల కప్పు కింద ఒక చిన్న చేపల దుకాణం ఉంది. దానికి పేరు బోర్డు లేదు గానీ, కాటా పక్కన ఒక నల్ల పలక వేలాడుతూ ఉంటుంది. దాని మీద ఆ రోజు ధరలకంటే పైన జలాశయం నీటి మట్టం అడుగుల్లో రాసి ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు డ్యామ్ చూడడానికి వచ్చేవారి ముచ్చట కోసం రాశారనుకున్నాను. 2024లో మే, ఆగస్టు, డిసెంబరు నెలల్లో మూడుసార్లు అక్కడ చేపలు కొన్నాక, కొనేవాడు ముందుగా చదవవలసిన అంకె అదేనని తెలిసింది.

2023 వానకాలంలో కృష్ణకు చెప్పుకోదగ్గ వరద రాలేదు. అందువల్ల 590 అడుగుల పూర్తి మట్టం గల సాగర్ మరుసటి వేసవికి 510 అడుగుల కనీస మట్టం కంటే కూడా దిగువకు పడిపోయింది. నిండినప్పుడు దాదాపు 285 చదరపు కిలోమీటర్ల మేర పరుచుకునే నీరు అలా ముడుచుకుపోతే చేపకు దాక్కునే చోటు తగ్గుతుంది, వలకు శ్రమ తగ్గుతుంది. మే నెలలో నేను వెళ్ళేసరికి దుకాణంలో బొచ్చెలు, రవ్వలు, జెల్లలు, ఒక మూలన మూరెడు పొడవున్న వాలుగ కుప్పలుగా పడి ఉన్నాయి. ధర నగరంలో ఇచ్చేదానికంటే బాగా తక్కువ. అయితే చవక అని సంబరపడిన నాకు ఇంటికి వచ్చి పులుసు పెట్టాక బురద వాసన ఎదురైంది. నీరు లోతు తగ్గి వేడెక్కినప్పుడు పెరిగే నీలి ఆకుపచ్చ నాచు, అడుగు బురదలోని సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. అది మొప్పల గుండా చేప కొవ్వులో చేరుతుంది కనుక ఎంత కడిగినా పూర్తిగా పోదు. ఉప్పు, పసుపు పట్టించి పుల్లటి మజ్జిగలో నానబెడితే కొంత తగ్గుతుంది. దుకాణదారు ఈ మాట అమ్మేటప్పుడే చెప్పి ఉంటే బాగుండేది. తరువాత అడిగితే మాత్రం దాచకుండా ఒప్పుకున్నారు.

ఆగస్టు మొదటి వారంలో సాగర్ గేట్లు ఎత్తారు. పైనుంచి దూకే నీటిని చూడడానికి వచ్చిన జనంతో దారి నిండిపోయింది, దుకాణం ముందు వరుస కట్టారు. పలక మీద మట్టం 590కి దగ్గరగా ఉంది. నాకు ఫిర్యాదు ఉన్నది ఈ రెండో రాకపైనే. పళ్ళెంలోని రవ్వలన్నీ ఒక అచ్చులో పోసినట్టు ఒకే పరిమాణంలో ఉన్నాయి, మొప్పల దగ్గర ఐసు ముక్కలు ఇంకా కరగలేదు. కాటా దగ్గరి కుర్రవాడు మాత్రం “సాగర్ చేపేనండీ” అన్నాడు. కొత్త నీరు పోటెత్తుతున్నప్పుడు చేపలు పట్టే పుట్టి, అంటే గుండ్రటి తెప్ప, నిలవదు, కొట్టుకొచ్చిన చెట్ల కొమ్మలూ చెత్తా వలలను చించుతాయి, నీటమునిగిన గట్ల మీది ముళ్ళపొదలు మిగిలిన వలను పట్టుకుంటాయి. చేపేమో విశాలమైన నీటిలో చెదిరి, ప్రవాహం వచ్చే వైపు ఎదురెక్కుతూ ఉంటుంది. అలాంటి వారంలో పళ్ళెం నిండా చేప ఉందంటే అది చెరువు పెంపకం సరుకేనని ఊహించడం కష్టం కాదు. నేను నిలదీస్తే యజమాని కుర్రవాణ్ణి మందలించి, “వరదలో మనవాళ్ళు దిగరు సార్, నీళ్ళు నిలకడైనాక రండి” అన్నారు. నిజం చెప్పడం మెచ్చుకోదగినదే. అడిగితేనే చెప్పడం కాదు.

అదే మాటల్లో ఆయన ఇంకొక సంగతి చెప్పారు, అది నాకు ఆ రోజు కొన్న చేపకంటే విలువైనదిగా తోచింది. బొచ్చె, రవ్వ, మృగాల అనే చేపలు నిలిచిన నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి పారే నీరు కావాలి. అందుకే జలాశయాల్లో ఏటా చేప పిల్లలను వదలవలసి వస్తుంది. తెలంగాణలో 2016 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేప పిల్లలను పంపిణీ చేస్తోంది. పెద్ద జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలే తగినవి. గేట్లు తెరిచి ఉండగా వదిలితే పిల్లలు నీటితోపాటు దిగువకు పోతాయి, నీరు తగ్గేదాకా ఆగితే పెరిగే కాలం పోతుంది. ఏడాదిన్నర తరువాత తన కాటా మీద పడే చేప బరువు, ఎవరో అధికారి ఆ రెంటి మధ్య ఎంచుకున్న వారాన్ని బట్టి ఉంటుందని ఆయన నవ్వుతూ అన్నారు.

డిసెంబరులో చలి ఉంది, నీరు తేటపడింది, మట్టం ఇంకా ఎక్కువగానే ఉంది. తేట నీటిలో వల చేపకు కనిపిస్తుంది కనుక సందె వేళ వేసి తెల్లవారుజామున తీస్తారు; వెన్నెల రాత్రుల్లో పడేది మరీ తక్కువ. చలికి మందగించిన చేప పెద్దగా తిరగదు, తిరగనిది వలలో పడదు. అందుకే ఎనిమిది గంటలకే సరుకు అయిపోవచ్చింది, ధర మేలో ఇచ్చినదానికి రెట్టింపు దాకా పోయింది. అయినా మూడు రాకల్లో నేను సంతోషంగా డబ్బిచ్చినది ఈసారే: మూడు కిలోల బొచ్చె, కండ గట్టిగా ఉంది, బురద వాసన లేదు, తల పులుసుకే సగం పూట గడిచింది. పొలుసు తీసి ముక్కలు కొట్టి ఇవ్వడానికి కిలోకు కొంత విడిగా తీసుకుంటారు, కోత మాత్రం శుభ్రంగా ఉంటుంది. ఐసు పెట్టె మీరే తీసుకెళ్ళడం మంచిది, ఆ దుకాణంలో ఇచ్చే ప్లాస్టిక్ సంచి హైదరాబాదు దాకా ఆగదు.

ఈ మూడో రాకలో పలక మీద ఒక మార్పు కనిపించింది. ధరల పట్టికను నిలువుగా రెండు గళ్ళు చేసి, ఒక దానిపైన “సాగర్” అనీ, రెండవదానిపైన “చెరువు” అనీ రాశారు. ఆ రోజు రెండో గడి ఖాళీగా ఉంది.