అనుమానాలకు ఏడాది చందా: ఒక తెలుగు క్రైమ్ ఆడియో యాప్ మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తా. గొంతు బాగుంటుంది, రికార్డింగ్ బాగుంటుంది, కథ నడిపే తీరు ఇంకా బాగుంటుంది, అయినా నేను ఐదుకు రెండు స్టార్లే ఇస్తున్నా. యాప్ పేరు మాత్రం రాయను. మన జనం సంగతి తెలుసుగా, తిడుతూ రాసినా ఆ పేరు వెతికి మరీ డౌన్‌లోడ్ చేసుకుంటారు, ఆ ఉచిత ప్రచారం నేనెందుకు చెయ్యాలి. యూట్యూబ్‌లో వంట వీడియోల మధ్యలో చీకట్లో టార్చిలైటు వేసి భయపెట్టే యాడ్ ఒకటి వస్తుంటుంది, చూసినవాళ్ళకు అర్థమైపోతుంది.

మా ఇంట్లోకి ఇది ఎలా వచ్చిందంటే, మా అమ్మాయి వర్జీనియాలో ఉంటుంది. నెల్లూరులో ఏ వీధిలో చూసినా అమెరికాలో పిల్లలున్న ఇల్లు ఒకటైనా ఉంటుంది కాబట్టి అందులో విశేషమేమీ లేదు. శనాదివారాలొస్తే షెనాండోవా నేషనల్ పార్కుకు పోయి కొండలెక్కుతుంది, ఓల్డ్ రాగ్ అనే కొండ మీద బండరాళ్ళ మధ్య నిలబడి ఫొటోలు పంపుతుంది. మా ఆయన ఆ పార్కు గురించి ఏదో వెతుకుతుంటే ఈ యాప్ తగిలింది. ట్రెక్కింగ్ దారుల్లో జరిగిన హత్యల మీద ఒక సిరీస్, మొదటి సీజన్ అంతా ఆ పార్కులో 1996లో జరిగిన జంట హత్యల గురించే. ఇంకేముంది, ఒక్క ఎపిసోడ్ ఫ్రీగా విని అక్కడికక్కడే ఏడాదికి 599 కట్టేశారు.

మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటా. నేను రొయ్యలు ఒలుచుకునేటప్పుడు ఫోన్‌ను ఖాళీ స్టీలు గిన్నెలో నిలబెట్టి వింటాను, సౌండ్ పెరుగుతుందని. వేరే యాప్‌లు అలా పెడితే సంగీతం మాటను మింగేసి గణగణమని రొద తప్ప ఏమీ తెలియదు. ఇందులో సంగీతం వెనక్కే ఉంటుంది, కథ చెప్పే ఆయన గొంతు ముందుకొస్తుంది. తల తుంచి, పెంకు ఒలిచి, వీపు మీద గీటు పెట్టి నల్ల నరం లాగేసే పనికి కళ్ళు కావాలి, చెవులు ఖాళీగానే ఉంటాయి కదా, ఒక కిలో రొయ్యలకు ఒక ఎపిసోడ్ సరిగ్గా సరిపోతుంది. పార్కును కళ్ళకు కట్టాడు కూడా. కొండల వెన్ను మీదుగా 105 మైళ్ళ స్కైలైన్ డ్రైవ్ రోడ్డు, దాని పక్కనుంచే పోయే అప్పలేచియన్ ట్రెయిల్ అనే కాలిబాట, అక్కడక్కడా లాడ్జీలు, అన్నీ మన ముందే ఉన్నట్టు చెప్పాడు.

కేసు సంగతి తెలియనివాళ్ళకు క్లుప్తంగా చెప్తా. 1996 మే నెలలో ఇద్దరు యువతులు, ఒకరికి 24 ఏళ్ళు, ఇంకొకరికి 26, తమ గోల్డెన్ రిట్రీవర్ కుక్కను తీసుకుని ఆ పార్కులో క్యాంపింగ్‌కు వెళ్ళారు. అనుకున్న రోజుకు ఇంటికి రాలేదు. పెద్దవాళ్ళు కంగారుపడి ఫోన్ చేస్తే రేంజర్లు వెతికి జూన్ 1న స్కైలాండ్ లాడ్జికి దగ్గర్లోనే, ట్రెయిల్ పక్కన వేసుకున్న డేరా దగ్గర ఇద్దరి శవాలూ చూశారు. కుక్క ప్రాణాలతోనే దొరికింది. అక్కణ్ణుంచి 28 ఏళ్ళు ఆ కేసు అట్లాగే నానింది.

ఇక అసలు కంప్లయింట్‌కు వస్తా. ప్రతి ఎపిసోడ్ చివర 'మీ అనుమానం ఎవరి మీద?' అని ఒక పోల్ పెడతారు. నాలుగు ఆప్షన్లు ఇస్తారు, ఓటు వేస్తే గానీ మిగతావాళ్ళు ఎవరికి వేశారో కనపడదు. కింద కామెంట్లలో తన్నుకు చస్తుంటారు. వీళ్ళు అమ్ముతున్నది ఈ పోలే, కథ దానికి తగిలించిన తోక. ఈ మాట కోపంతో అనడం లేదు, ఎపిసోడ్లు ఎక్కడ ఆపుతున్నారో గమనిస్తే మీకే తెలుస్తుంది.

మా ఇంట్లో అది చేసిన గొడవ చూడండి. మా అత్తమ్మకు కుక్క పట్టుకుంది. "ఏమ్మే, అంత కుక్క పక్కనుంటే ఎందుకు మొరగలేదంట? తెలిసినోడే అయ్యుంటాడు, నేను చెప్తున్నా చూడు" అని పొద్దున కాఫీ దగ్గర మొదలుపెడితే రాత్రి పెరుగన్నం దాకా అదే. మొరిగిందో లేదో చెప్పడానికి అక్కడ ఎవరున్నారని? ఆ యాప్ ఆయన ఈ కుక్క మీదే అర ఎపిసోడ్ లాగాడు కాబట్టి ఆమెను అని లాభం లేదు. మా ఆయన ఈ లింకు తెచ్చి ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో వాకింగ్ గ్రూపులో వేశారు. రిటైరైన బ్యాంకు ఆయన ఒకరు, రొయ్యల మేత వ్యాపారం చేసే ఆయన ఒకరు, ఇంకో ఇద్దరు లెక్చరర్లు, అందరూ కలిసి వర్జీనియా కేసును నెల్లూరులో తేల్చేశారు. రేంజరే చంపాడని ఒకరు, కాదు లాడ్జిలో పనిచేసేవాడని ఇంకొకరు. ఆ రేంజర్ల పేర్లు కూడా వీళ్ళకు తెలియవు. అనుమానానికి పేరు అక్కర్లేదు కదా, ఉద్యోగం చాలు.

అక్కడిదాకా అయితే కాలక్షేపం అనుకుని వదిలేసేదాన్ని. నాకు ఒళ్ళు మండింది తర్వాత రెండు ఎపిసోడ్లు విన్నాక. 2002లో అప్పటి అమెరికా అటార్నీ జనరల్ జాన్ ఆష్‌క్రాఫ్ట్ స్వయంగా విలేకరుల ముందుకొచ్చి ఫలానా వ్యక్తి మీద ఈ హత్యల కేసు పెడుతున్నామని ప్రకటించారు. ఆ మనిషి మంచివాడేం కాదు, 1997లో అదే పార్కులో సైకిల్ మీద పోతున్న ఒకామె మీద దాడి చేసి అప్పటికే జైల్లో ఉన్నాడు. అనుమానం రావడంలో తప్పు లేదు. కానీ హత్య జరిగిన చోట దొరికిన డీఎన్ఏ అతనితో కలవలేదు, విచారణ మొదలవకముందే 2004లో ఆ అభియోగాలు వెనక్కి తీసుకున్నారు. ఈ యాప్ రెండు ఎపిసోడ్ల నిండా అతని పేరు, అతని చూపు, అతని కోపం, అతని బండి అంటూ ఊదరగొట్టి, కేసు వెనక్కి తీసుకున్న ముక్కను చివర్లో ఒక్క వాక్యంలో, అదీ సంగీతం పెంచేసి చెప్పింది. వెంటనే పోల్. సహజంగానే జనం అతనికే గుద్దేశారు. డీఎన్ఏ కలవలేదు కదా అని అడిగేవాళ్ళు లేరు అన్నట్టుంది ఆ కామెంట్ల వరస చూస్తే.

ఇంకా ఉంది. 2024 జూన్ 20న అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఈ కేసు తేలిందని ప్రకటించింది. 2021లో రిచ్‌మండ్ ఆఫీసులో కొత్త బృందం కూర్చుని పాత సాక్ష్యాలన్నీ మళ్ళీ తీసి, ఏవి పరీక్షకు పనికొస్తాయో ఏరి ల్యాబ్‌కు పంపింది. వచ్చిన డీఎన్ఏను దేశంలోని నేరస్తుల డేటాబేస్‌లో వేస్తే ఒకడికి కలిసింది. ఒహాయో వాడు, ఇళ్ళకు రంగులు వేసే పని, అత్యాచారం కేసుల్లో శిక్షలు పడ్డవాడు, కొండలెక్కే అలవాటుంది, ఆ పార్కుకూ వెళ్తుండేవాడట. ఆ డీఎన్ఏ ఇంకొకరిది అయ్యుండే అవకాశం 2.6 లక్షల కోట్లలో ఒకటని లెక్క చెప్పారు. వాడు 2018లోనే జైల్లో చచ్చిపోయాడు, కాబట్టి కోర్టూ లేదు శిక్షా లేదు. ఇదంతా మా అమ్మాయి ఫోన్‌లో పది నిమిషాల్లో చదివి వినిపించింది. యాప్‌లో మాత్రం ఆ సిరీస్ మీద ఇప్పటికీ 'తేలని రహస్యం' అనే స్టిక్కర్ ఉంది, పోల్ తెరిచే ఉంది. ఆ పోల్‌లో అసలు మనిషి పేరే లేదు. ఎవరైనా వాడికి ఓటు వెయ్యాలంటే నాలుగో ఆప్షన్ 'ఇతరులు' నొక్కాలి. దానికి పడ్డ ఓట్లే అన్నిటికన్నా తక్కువ.

కస్టమర్ కేర్‌కు మెయిల్ పెట్టాను, కేసు తేలిపోయింది, కనీసం ముందు ఒక మాట చేర్చండి అని. 'మీ విలువైన స్పందనకు ధన్యవాదాలు, మా టీమ్‌కు తెలియజేశాం' అని వచ్చింది. ఏ టీమో, ఎక్కడుందో, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ముడి విప్పేస్తే వచ్చే ఏడాది చందా ఎవరు కడతారు అనుకున్నారేమో.

రెండో సీజన్ ఇండియానా రాష్ట్రంలోని డెల్ఫీ అనే చిన్న ఊరి కేసు. ఇది ఇంకా బాధాకరం. 2017 ఫిబ్రవరి 13న 13, 14 ఏళ్ళ ఇద్దరు ఆడపిల్లలు ఊరి బయట ట్రెయిల్ మీద నడుచుకుంటూ పాత రైలు వంతెన దాటుతున్నారు. వెనకాల ఒకడు వస్తుంటే ఆ పిల్లల్లో ఒకమ్మాయి ఫోన్‌లో వీడియో తీసింది. మర్నాడు శవాలు దొరికాయి. ఆ వీడియోలోంచి మసకమసకగా ఉన్న ఒక ఫొటో, 'కొండ కిందికి దిగండి' అనే రెండు మూడు మాటల గొంతు పోలీసులు బయటపెట్టారు. తర్వాత ఒక ఊహాచిత్రం, 2019లో దానికి పోలికే లేని ఇంకో కుర్ర ముఖం. ఇక జనం ఆగుతారా? ఎవడి ఫేస్‌బుక్ ఫొటో దొరికితే అది ఆ బొమ్మ పక్కన పెట్టి, ఎర్ర గుండ్రాలు చుట్టి, వీడే వీడే అన్నారు. ఈ యాప్ వాళ్ళు ఆ ఊహాచిత్రాలను మన తెలుగు శ్రోతలకూ చూపించి పోలికలు చెప్పమన్నారు. మా వాకింగ్ గ్రూపులో రొయ్యల మేత ఆయన "ఈ మొహాన్ని వీఆర్సీ సెంటర్లో చూసినట్టుందబ్బా" అన్నాడంట. ఆయన నవ్వులాటకే అన్నాడు కానీ, కామెంట్లలో రాసేవాళ్ళు అంతకన్నా ఎక్కువ ఆధారంతో రాస్తున్నారని నాకైతే అనిపించలేదు.

అసలు జరిగింది వింటే మతిపోతుంది. ఆ ఊరి మనిషే, మందుల షాపులో పనిచేసేవాడు, హత్యలు జరిగిన కొద్ది రోజులకే తనంతట తానొచ్చి, ఆ రోజు నేనూ ఆ ట్రెయిల్ మీదే ఉన్నానని ఒక అధికారికి చెప్పి వెళ్ళాడు. ఆ కాగితం మీద అతని పేరు తప్పుగా పడి ఫైళ్ళలో ఎక్కడో కలిసిపోయింది. 2022లో పాత కాగితాలు సర్దడానికి వచ్చే ఒక వాలంటీరు, ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దావిడ, డబ్బాలు వెతుకుతుంటే అది ఆమె కంటపడింది. ఆ అక్టోబరులో అరెస్టు చేశారు, 2024 నవంబరులో జ్యూరీ దోషి అంది, డిసెంబరులో 130 ఏళ్ళ శిక్ష వేశారు. ఐదేళ్ళకు పైగా లోకమంతా ముఖాలకు గుండ్రాలు చుడుతుంటే జవాబు మొదటి వారంలోనే వచ్చి డబ్బాలో కూర్చుంది. ఇంతకన్నా మంచి ఎపిసోడ్ ఎవరికైనా దొరుకుతుందా? ఆ వాలంటీరావిడ మీద యాప్‌లో ఒక్క నిమిషం కూడా లేదు. ఎందుకంటే అక్కడ పోల్ పెట్టడానికి ఏమీ లేదు.

జనం ఏమీ మాట్లాడకూడదని నేను అనడం లేదు. ఆ ఫొటో, ఆ గొంతు పోలీసులే విడుదల చేసి తెలిసినవాళ్ళు చెప్పమని అడిగారు. తెలిసింది పోలీసులకు చెప్పడం వేరు, 599 కట్టి తెలియని మనిషికి ఓటు గుద్దడం వేరు. పైగా డెల్ఫీలో అనుమానితుల జాబితాలో వీళ్ళు పెట్టిన వాళ్ళంతా బతికున్న మనుషులు, వాళ్ళకూ ఇల్లూ వాకిలీ ఉంటాయి.

మా ఇంట్లో ఇంకో నష్టం, పెంచలకోనలో గుడికి పోయి అట్నించి జలపాతం దాకా నడుస్తామని మా మరిది పిల్లలు బయల్దేరితే అత్తమ్మ గుమ్మంలో అడ్డం పడింది. అడవి దారి, వద్దంటే వద్దు అంది. ఆమె తప్పు కాదు, ఆ టార్చిలైటు యాడ్ గొంతే కారణం. మా అమ్మాయికేమో అర్ధరాత్రి ఫోన్లు, కుక్కను పెంచుకోమని సలహాలు. "అమ్మా, ఓల్డ్ రాగ్ మీద బండల మధ్య కాలు జారి ఇరుక్కునేవాళ్ళను రెస్క్యూ వాళ్ళు దింపుకురావడం అక్కడ మామూలే, నా టెన్షన్ అంతా మంచి బూట్ల గురించే, అది కాకపోతే టికెట్ల గురించి" అని నవ్వింది. మార్చి నుంచి నవంబరు దాకా ఆ కొండెక్కాలంటే ముందే ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకోవాలంట.

మీరు తీసుకోవాలనే అనుకుంటే నా సలహా, ఏడాది ప్యాకు జోలికి పోకండి, నెలది ఉంది, అది చాలు. మొదటి సీజన్‌లో పార్కు గురించి చెప్పే మొదటి ఎపిసోడ్, సాక్ష్యాలు ఎలా భద్రపరుస్తారో చెప్పే ఆరో ఎపిసోడ్ వినండి. ఆ ఆరోది నిజంగా బాగుంది, నేనిచ్చిన రెండో స్టారు దానికే, మొదటిది ఆయన గొంతుకు. పోల్ కనిపించకుండా చేసే సెట్టింగ్ ఎక్కడా లేదు, వెతక్కండి. డౌన్‌లోడ్ చేసుకున్నవి నెట్ లేకుండా వినపడతాయి, పినాకిని రైల్లో కావలి దాటాక సిగ్నల్ పోయినా నాకు ఆగలేదు.

ఇంకొకటి, యాప్‌లో క్యాన్సిల్ బటన్ నొక్కితే 'వెళ్ళిపోతున్నారా, హంతకుడు దొరకబోతున్నాడు' అని మెసేజ్ చూపించి మళ్ళీ మొదటి పేజీకి తెస్తుంది. దానితో కుస్తీ పట్టకుండా మీ యూపీఐ యాప్‌లో ఆటోపే అని ఉంటుంది, అందులోకి పోయి ఆ మాండేట్, అంటే డబ్బులు కట్ చేసుకోమని మనమిచ్చిన అనుమతి, రద్దు చేసెయ్యండి. డబ్బులు కట్ అయ్యే ముందు రోజు ఎలాగూ మెసేజ్ వస్తుంది, దాన్ని చూసీచూడనట్టు వదిలెయ్యకండి. మా ఆయన చేత దగ్గరుండి రద్దు చేయించాను. స్టేడియం గ్రూపులో మిగతావాళ్ళు ఇంకా కడుతూనే ఉన్నారు, మూడో సీజన్ వస్తోందంట.