విడాకుల కాగితాలు: అమలాపురం కోర్టు దగ్గర టైపింగ్ షాపు

ఇద్దరికీ ఇష్టమయ్యే విడిపోతున్నాం, లాయర్ని పెట్టుకోకుండా కాగితాలు మనమే వేసుకుందాం అనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. షాపు అమలాపురం కోర్టు నుంచి నడిచి వెళ్ళేంత దూరం. ఒక కంప్యూటరు, ఒక జిరాక్స్ మిషను, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. నడిపేది ఒక అక్క. పేరు రాయొచ్చా అని ఆవిడని అడగలేదు కాబట్టి రాయడం లేదు.

నేను ముందు వెళ్ళింది ఇక్కడికి కాదు. ఇంకో ఊళ్ళో ఒక చోట 3,000 ఇచ్చాను. వాళ్ళు ఎవరిదో పాత పిటిషన్ తీసి, పేర్లు మార్చి చేతిలో పెట్టారు. ఇంగ్లీషులో ఆరు పేజీలు. పెన్సిల్‌తో టిక్కు పెట్టిన చోటల్లా ఆయనా నేనూ సంతకాలు చేసేశాం. కోర్టు ఆఫీసులో ఆబ్జెక్షన్ వేసి వెనక్కిచ్చాక తెలిసింది, నాలుగో పేజీలో పిల్లలు లేరని ఉంది. మాకు ఏడేళ్ళ పాప ఉంది. ఆ లైను చూశాక నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఎవరూ చూడకపోయుంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఈ అక్క అయితే ముందు కీబోర్డు మీద చెయ్యే పెట్టలేదు. "పెళ్ళికార్డు, మ్యారేజీ సర్టిఫికెట్, ఇద్దరి ఆధార్లు తియ్యండమ్మా" అని నాలుగూ బల్ల మీద పక్కపక్కన పెట్టింది. కార్డు మీద నా ఇంటిపేరు పుట్టింటిది, ఆధార్లో అత్తింటిది. అలియాస్ అని రెండూ వేసింది. తర్వాత కార్డు మీద ముహూర్తం దగ్గర వేలు పెట్టి ఆపింది. రాత్రి 2 గంటల 14 నిమిషాలకు, తెల్లవారితే గురువారం అని ఉంది. కార్డులో బుధవారం తేదీ, సర్టిఫికెట్‌లో గురువారం తేదీ. పదేళ్ళుగా నా బీరువాలో ఉన్న కార్డు, నేనెప్పుడూ గమనించలేదు. "రేపు లోపల ఇదే అడుగుతారు" అంటూ తేడా ఎందుకొచ్చిందో ఒక వాక్యంలో రాసింది. మళ్ళీ ఆబ్జెక్షన్ రాలేదు.

టైపు అయ్యాక ఇద్దర్నీ కూర్చోబెట్టి ప్రతి లైనూ తెలుగులో చదివి చెప్పింది. నాకు ఈ షాపు మీద గౌరవం కలిగింది ఇక్కడే. బంగారం దగ్గర ఆగి, ఏ వస్తువు ఏ రోజు నా చేతికి తిరిగొచ్చిందో అడిగి రాసింది. నాన్న పసుపు కుంకుమ కింద ఇచ్చిన 15 సెంట్ల కొబ్బరితోట నాదేనని సర్వే నెంబరుతో సహా వేసింది. పాప నా దగ్గర ఉంటుంది, ఆయన వచ్చి చూసుకోవచ్చు అని మేం చెప్పింది రాసుకుని, "సంక్రాంతికి పాప ఎవరి దగ్గరుంటుందండీ?" అంది. ఇద్దరం నేల చూపులు చూశాం. అన్నీ మాట్లాడుకున్నాం అనుకున్నాం గానీ అది మాట్లాడుకోలేదు. కాసేపటికి ఆయనే, "భోగి, పండగ వాళ్ళమ్మ దగ్గర. కనుమకి నేనొచ్చి తీసుకెళ్తాను" అన్నారు. అలాగే రాసింది. మొన్న కనుమ పొద్దున్నే పాలకొల్లు నుంచి చించినాడ వంతెన మీదుగా బండి మీద వచ్చి తీసుకెళ్ళారు.

చట్టం గురించి అడిగితే మాత్రం ఆవిడ చెప్పదు. "అది నా పని కాదమ్మా, కోర్టులో న్యాయ సేవాధికార కమిటీ వాళ్ళున్నారు, వాళ్ళనడగండి" అంటుంది. అదే మంచిదయ్యింది. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా అక్కడ సాయం ఉచితం. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద వెయ్యాలంటే ఏడాదైనా విడిగా ఉండాలి. పిటిషన్ వేశాక 6 నెలలు ఆగి, 18 నెలలు దాటకుండా ఇద్దరూ మళ్ళీ అడగాలి. డిక్రీ, అంటే కోర్టు ఇచ్చే విడాకుల తీర్పు, వచ్చేలోపు ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. ఏడాదిన్నర పైన విడిగా ఉండి, పాప విషయం, డబ్బు విషయం తేల్చుకున్నవాళ్ళు ఆ 6 నెలలు తగ్గించమని అడగొచ్చు, 2017లో సుప్రీంకోర్టు అలా చెప్పింది. అయితే అది జడ్జిగారి ఇష్టం. మేం విడిగా ఉండి 14 నెలలే కాబట్టి ఆగాం. పాప ఖర్చుల హక్కు పాపదని, నేను వద్దన్నా పోదని కూడా అక్కడే చెప్పారు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మా వైపు చాలామంది పెద్దమనుషుల ముందు స్టాంపు పేపరు మీద రాసుకుని విడాకులైపోయాయి అనుకుంటారు. మా పిన్నికూతురూ అలాగే అనుకుంది. ఆ కాగితం కోర్టు డిక్రీ కాదు. రెండో పెళ్ళి మాటలు మొదలయ్యాక తెలిసి, ఆ పిల్ల ఎంత ఏడ్చిందో నేను చూశాను. దయచేసి అక్కడితో ఆగకండి.

ఇక షాపులో ఇబ్బందులు. ఉన్నది ఒక్క కంప్యూటరు, కరెంటు పోతే కూర్చోవాల్సిందే. మాకు రెండు రోజులు పట్టింది. సాఫ్ట్ కాపీ అడగండి, మేం అడక్కపోతే 6 నెలల తర్వాత సాక్ష్యం అఫిడవిట్ కోసం అన్నీ మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సొచ్చింది. టైపింగుకి 1,200, జిరాక్సులకి 240 తీసుకుంది. కోర్టు ఫీజు స్టాంపులు, నోటరీ ఖర్చు వేరే. సోమవారం వెళ్ళకండి, నిలబడ్డానికి చోటుండదు. ఇద్దరూ కలిసే వెళ్ళండి, ఒక్కళ్ళే వస్తే ఆవిడ చదివి వినిపించదు, రెండోవాళ్ళని తీసుకురమ్మని పంపేస్తుంది.