అమీగాలో యానిమేషన్: సొంత చిప్పులా, గ్రాఫిక్స్ కార్డా?

అమీగా అనే పాత ఇంటి కంప్యూటర్లో గ్రాఫిక్స్ కార్డు పెడితే అన్నీ పరుగెత్తుతాయనుకుంటాం. అమీగా యానిమేషన్లు దాచే పాత యానిమ్-5 ఫైళ్ల దగ్గర లెక్క తిరగబడుతుంది. ఈ ఫార్మాట్ ప్రతి ఫ్రేమునూ పూర్తిగా దాచదు; రెండు ఫ్రేముల కిందటి బొమ్మతో పోల్చి, మారిన బైట్లనే దాస్తుంది. అదీ ఒక్కో బిట్‌ప్లేన్‌లో (ప్రతి పిక్సెల్ రంగు సంఖ్యలోంచి ఒక్కో బిట్‌నే ఉంచే పొరలో) నిలువు వరసలుగా. 1992లో వచ్చిన అమీగా 4000లోని ఏజీఏ అనే సొంత గ్రాఫిక్స్ చిప్పులకు ఇది ఇంటి భాష. ఆ బైట్లు చిప్ ర్యామ్‌లో (ఆ చిప్పులు నేరుగా చదివే మెమరీలో) రాస్తే చాలు, బొమ్మ కదులుతుంది.

పికాసో-2 అనే గ్రాఫిక్స్ కార్డు 256 రంగుల్లో పిక్సెల్‌కు ఒక బైట్ అడుగుతుంది. ఎనిమిది ప్లేన్లలో చెల్లాచెదురైన బిట్లను ప్రాసెసరే ఏరి కూర్చి, జోరో-2 బస్ (కార్డును కంప్యూటర్‌కు కలిపే దారి) మీదుగా పంపాలి. 320×256 బొమ్మ 81,920 బైట్లు; సెకనుకు 25 ఫ్రేములంటే దాదాపు 2 ఎంబీ, ఎలాగో నెట్టుకొస్తుంది. 640×512 అయితే 8 ఎంబీ దాటుతుంది, ఆ బస్ అందులో సగం కూడా మోయలేదు. హామ్ (పక్క పిక్సెల్ రంగును కొద్దిగా మార్చి కొత్త రంగు పుట్టించే అమీగా పద్ధతి) ఫైళ్ల సంగతి చెప్పక్కర్లేదు, కార్డుకు హామ్ అంటేనే తెలియదు!

అందుకే యానిమ్ ఫైళ్లకు నా ఓటు ఏజీఏకే, మామూలు పాల్ (టీవీ ప్రమాణం) తెరమీద 640×512 ఇంటర్‌లేస్‌లో (సరి, బేసి గీతలను విడతలుగా చూపే పద్ధతిలో) కళ్లు లాగేలా వణికినా సరే. సినీప్యాక్ క్విక్‌టైమ్ లాంటి వీడియో ఫైళ్లకు మాత్రం కార్డే. వాటిలో అసలు బిట్‌ప్లేన్లే ఉండవు.