క్యూలకు మినీ లేత్: బెజ్జం ఎంతో అడిగి కొనండి

మా పార్లర్‌లో స్నూకర్ టేబుళ్లే ఎక్కువ, పూల్ టేబుల్ ఒక్కటే. క్యూలకు (ఆట కర్రలకు) టిప్పులు, అంటే కొసన ఉండే తోలు బిళ్లలు, చేత్తో మార్చీ మార్చీ విసుగొచ్చి ఈ చైనా మినీ లేత్ (కర్రను గుండ్రంగా తిప్పుతూ చెక్కే చిన్న యంత్రం) తెచ్చుకున్నాను. మోటారు, స్పీడు సంగతులు ఎక్కడైనా దొరుకుతాయి. నేను మురిసిపోయింది స్పిండిల్‌లో (తిరిగే ఇరుసులో) ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉన్న 20 మి.మీ. బెజ్జం చూసి.

స్నూకర్ క్యూ కొస 10 మి.మీ.కి అటూ ఇటూ ఉంటుంది. వెనక నుంచి దూర్చి, చక్ (కర్రను పట్టుకునే దవడలు) ముందు రెండంగుళాలు బయటికి లాగితే చాలు. పాత ఫెర్రుల్ (టిప్ కింద ఉండే చిన్న తొడుగు) తీయడం, కొత్తది ఎక్కించడం, టిప్ అంచు సాపు చేయడం అంతా ఒక్క పట్టులో అయిపోతుంది. అంతకుముందు చూసిన బుల్లి లేత్‌లలో బెజ్జం 10 మి.మీ. దగ్గరే ఆగిపోయింది. కొస దూరినా దాని వెనక కర్ర దూరదు.

అడిగినవాళ్లందరికీ ఇదే కొనమన్నాను. తర్వాత ఒక కుర్రాడు పూల్ క్యూ తెచ్చాడు, రెండు ముక్కలు కలిసే జాయింట్‌లో పిన్ను కదులుతోందని. పిన్ను ఉండేది బట్‌లో, అంటే చేత్తో పట్టుకునే వెనక ముక్కలో. అది జాయింట్ దగ్గరే 21 మి.మీ., అడుగున 30 దాటుతుంది. ఎటు నుంచీ దూరదు. పోనీ చక్‌కు ఎదురుగా టెయిల్‌స్టాక్ వైపు పడుకోబెట్టి స్టెడీ రెస్ట్ (కర్రకు ఆసరా ఇచ్చే స్టాండు) మీద ఆనిద్దామంటే లేత్ బెడ్ పొడవే 350 మి.మీ., బట్ దాదాపు 740. వాడేమో "అన్నా, సాయంత్రం మ్యాచ్ ఉంది" అంటూ పక్కనే నిలబడ్డాడు. చివరికి బాలానగర్‌లో తెలిసిన టర్నర్ దగ్గరికి పరిగెత్తాం. ఆయన పెద్ద లేత్‌లో బట్ హాయిగా దూరింది గానీ, ఇనుప దవడలు పాలిష్ మీద గాట్లు పెడతాయని ఆయనకే భయమేసింది. నైలాన్ రాడ్ తొలిచి, ఒక పక్క చీల్చి బట్ చుట్టూ తొడిగే బుష్ చేశాడు. తిరిగేటప్పుడు ఊగుతోందేమోనని కొలిచే డయల్ పెట్టి చూస్తే ముల్లు దాదాపు కదల్లేదు! అలాంటివే సన్న సైజుల్లో చేయించుకుని ఇప్పుడు నా లేత్‌లోనూ వాడుతున్నాను.

ఇంకొకటి. ఒకే ముక్క స్నూకర్ క్యూ పెడితే లేత్ వెనక మీటరుకు పైగా వేలాడుతుంది. స్పీడు పెంచితే కొరడాలా ఊగుతుంది. ఆ వెనక భాగాన్ని ఆపే బేరింగ్ స్టాండు మనమే చేయించుకోవాలి, లేత్‌ను గది మూలలో పెట్టకూడదు.

నాకు టిప్పుల పనే ఎక్కువ, గది మేడమీద. ఇద్దరం మోసి ఎక్కించగలిగింది ఇదే కాబట్టి అమ్మే ఆలోచన లేదు. జాయింట్ల పని చేయాలనుకుంటే మాత్రం 38 మి.మీ. బెజ్జం ఉన్నది చూసుకోండి, బరువు ఎక్కువైనా సరే.