ప్రాడోలో రెండో బ్యాటరీకి బ్రేకర్: నాలుగేళ్లు వాడాక

మేముండేది మెల్‌బోర్న్‌లో. నాలుగు రోజులు సెలవు దొరికితే డేరా, ఫ్రిజ్ మా టొయోటా ప్రాడో బండిలో వేసుకుని బయల్దేరతాం. డిక్కీలో ఫ్రిజ్ కోసం 100 ఆంపియర్-అవర్ల ఏజీఎం (సీలు వేసిన లెడ్-యాసిడ్ రకం) బ్యాటరీ, పక్కనే బండి నడిచేటప్పుడు ముందు బ్యాటరీ కరెంటుతో దాన్ని నింపే 25 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ ఉన్నాయి. ముందు బ్యాటరీ నుంచి చార్జర్ దాకా దాదాపు 5 మీటర్ల కేబుల్ లాగాను. ఏ వైరు ఒరుసుకుని బాడీకి తగిలినా దగ్గరున్న బ్యాటరీ నుంచి వందల ఆంపియర్లు దూసుకొస్తాయి. అందుకే రెండు బ్యాటరీల పక్కనా రక్షణ, అంటే కరెంటు మితిమీరితే తెంపేసే బ్రేకరో ఫ్యూజో ఉండాల్సిందే.

మొదట ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన 50 ఆంపియర్ల బ్రేకర్ బానెట్ కింద బిగించాను. చలికాలమంతా బాగానే పనిచేసింది. జనవరిలో మిల్డ్యురా వెళ్లాం. ఇక్కడ జనవరి అంటే మనకి మే నెల లెక్క. పొద్దున్నే చూస్తే ఫ్రిజ్ ఆగిపోయి ఉంది, పిల్లల పాలు విరిగిపోయాయి. బానెట్ ఎత్తితే బ్రేకర్ మీట కిందికి వేలాడుతోంది, అంటే దారిలో వెనక బ్యాటరీ చార్జే కాలేదు. పైకి నొక్కితే అరగంటకే మళ్లీ పడిపోయింది. మీటర్ పెట్టి చూశాను: 30 ఆంపియర్లు పోతుంటే బ్రేకర్ దగ్గరే అర వోల్టు పడిపోతోంది. అంటే ఆ అగ్గిపెట్టెంత డబ్బాలో 15 వాట్ల వేడి! లోపలుండేది వేడికి వంగే లోహపు పట్టీ. దానికి ఇంజిన్ వేడి కూడా తోడైతే 50 ఆంపియర్ల దాకా ఎక్కడ ఆగుతుంది?

ఇప్పుడు బానెట్ కింద బోల్టుతో బిగించే 40 ఆంపియర్ల మిడి ఫ్యూజ్ పెట్టాను. చార్జర్ మాన్యువల్‌లో రాసిందీ అదే, నేనే ముందు సరిగా చదవలేదు. స్పేరు రెండు గ్లవ్‌బాక్సులో ఉంటాయి. పడవల్లో వాడే సీల్డ్ బ్రేకర్ ఒకటి కొని వెనక బ్యాటరీ పక్కన బిగించాను. ధర మూడింతలు. మూడేళ్లలో ఒక్కసారే పడింది, పడాల్సినప్పుడే పడింది. ఫ్లిండర్స్ రేంజెస్ కొండల్లో గతుకుల మట్టిరోడ్డు మీద వెళ్తుంటే వెనక టక్‌మని వినిపించింది. డ్రాయర్ అంచుకి రాసుకుని ఫ్రిజ్ వైరు తోలు ఊడి, రాగి తీగ బయటికొచ్చింది. చుట్టూ దుప్పట్లు, పిల్లల బట్టలు. కమురు వాసన కూడా రాలేదు. ఆ రోజే దాని డబ్బు వచ్చేసిందనుకున్నాను.

బండి వారాల తరబడి కదలకపోతే ఆ బ్రేకర్ మీదున్న ఎర్ర బటన్ నొక్కి కరెంటు ఆపేస్తాను, బ్యాటరీ దిగిపోదు. పడ్డాక దానంతటదే మళ్లీ కలుపుకునే ఆటో రీసెట్ రకం బ్రేకర్ మాత్రం కొనకండి. షార్టున్న వైరుకి పదేపదే కరెంటు ఇస్తూనే ఉంటుంది.

ఒక్కటే ఇబ్బంది, సామాను తగిలితే బటన్ నొక్కుకుపోతుంది. చెక్కముక్కతో చిన్న అడ్డు కట్టాను.