అరకు తేనెటీగల సదస్సు: పెట్టె తెరవాల్సిన వేళ దండలకి పోయింది

అరకులో తేనెటీగల పెంపకందారులకి రెండు రోజుల సదస్సు ఉందని ఫోన్‌కి మెసేజ్ వచ్చినప్పుడు, ఫీజు ఎంత, ఎవరెవరు మాట్లాడతారు అన్నవి నేను చూడలేదు. కార్యక్రమంలో ఒక్క వరుస దగ్గరే నా కళ్ళు ఆగిపోయాయి: "మొదటి రోజు ఉదయం 11 నుంచి 1 వరకు, పెట్టెలు తెరిచి చూపించుట." ఆ రెండు గంటల కోసమే వెళ్ళాను.

మాది ఏలూరు జిల్లా మెట్ట. కొబ్బరిలో కోకో వేశాం. కొబ్బరి ఏడాది పొడుగునా గెల వేస్తూనే ఉంటుంది కాబట్టి ఈగలకి తిండికి లోటు ఉండదని నాలుగేళ్ళ కిందట రెండు పెట్టెలతో మొదలుపెట్టాను. అవి పన్నెండు అయ్యాయి. అన్నీ పుట్ట తేనెటీగలే, మన దేశవాళీవి. ఇటాలియన్ ఈగల్లా పెట్టెకి పాతిక, ముప్ఫై కిలోలు ఇవ్వవు. బాగా వచ్చిన ఏడాది కూడా నాకు పెట్టెకి ఆరు కిలోలు దాటలేదు. అయినా అవంటే నాకు ప్రాణం. పోయిన ఏడాది మూడు నెలల్లో పన్నెండింటిలో ఏడు పెట్టెలు ఖాళీ అయిపోయాయి. చీమలన్నారు, పక్క చేలో కొట్టిన మందన్నారు, దిష్టి అన్నారు. ఎందుకు పోయాయో తెలిసిన మనిషి ఒక్కరూ దొరకలేదు.

తోడుగా మా తోడికోడలు, డిగ్రీ చదివే వాళ్ళబ్బాయి వచ్చారు. ఆవిడ నాకన్నా పెద్ద, అక్కా అంటాను. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. "అరకు చూడలేదే ఎప్పుడూ" అని బయల్దేరింది. విశాఖలో తెల్లవారి కిరండూల్ రైలెక్కాం. సొరంగాలు లెక్కపెట్టుకుంటూ అబ్బాయి, కిటికీ వదలకుండా అక్క, ప్రయాణం హాయిగా సాగింది.

అసలు బాధ లాడ్జితో మొదలైంది. వారం ముందే ఫోన్‌లో మాట్లాడాను. రోజుకి 1,400, రెండు రాత్రులు, ముగ్గురికి సరిపడే గది, వేణ్ణీళ్ళు ఉంటాయి అన్నాడు. వెయ్యి రూపాయలు ఫోన్‌పే చేశాను. తీరా వెళ్తే ఆ గది వేరేవాళ్ళకి ఇచ్చేశారు. "వలిసె పూల సీజన్ కదండీ మేడం, 2,200 గది ఒక్కటే ఉంది, కావాలంటే తీసుకోండి" అని, నా ముఖం కూడా చూడకుండా చెప్పాడు కౌంటర్‌లో అబ్బాయి. నవంబరు ఆఖరి శుక్రవారం. వలిసె పసుపు పూలు పూసే నూనెగింజ పైరు, అది చూడ్డానికి వచ్చిన పర్యాటకుల కార్లు రోడ్డు పొడుగునా ఆగి ఉన్నాయి. మరో రెండు చోట్ల అడిగితే లేవన్నారు. అక్క మెట్ల మీదే కూర్చుండిపోయింది. చేసేది లేక ఒప్పుకున్నాను.

ఆ 2,200 గదిలో కిటికీ అద్దం పగిలితే అట్టముక్క అడ్డం పెట్టారు. గోడకి చెమ్మ. మూడో మనిషికి పరుపు వేస్తే 300 అన్నారు, వేసిన పరుపులో దూది ఒక మూలకి పోగుపడి ఉంది. గీజరు పనిచేయదు, వేణ్ణీళ్ళు బకెట్ 40 రూపాయలు. రాత్రి పదింటికి అట్టముక్క సందులోంచి చలిగాలి మొదలైంది. అక్క తన శాలువా మోకాళ్ళకి చుట్టుకుని, "ఏమే, ఇదేనా నువ్వు వారం ముందు మాట్లాడిన గది?" అంది. ఆ తర్వాత తెల్లారేదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కోపం నా మీద కాదని తెలుసు, అయినా నిద్ర పట్టలేదు. డబ్బు పోవడం కన్నా, నమ్మి వెంట వచ్చిన మనిషి చలికి వణుకుతూ పడుకోవడం నాకు ఎక్కువ బాధనిపించింది. ఆ ఒక్క రాత్రికి మొత్తం 2,620 వసూలు చేశారు. అరకులో ఫోన్ మాట మీద గది తీసుకోకండి. గది నంబరు, ధర రాసి మెసేజ్ పెట్టమనండి. పెట్టనంటే వేరేచోటు చూసుకోండి.

శనివారం తొమ్మిదికల్లా హాల్లో ఉన్నాం. ఫీజు మనిషికి 500, అందులోనే రెండు పూటల భోజనం. దాదాపు నూట యాభై మంది వచ్చారు. గిరిజన మహిళలు ముప్ఫై మంది దాకా, తెల్లవారకముందే బయల్దేరి జీపుల్లో వచ్చినవాళ్ళు. తొమ్మిదిన్నరకి మొదలవ్వాలి. ప్రధాన అతిథి రాలేదు. పది, పదకొండు, బయట బంగారంలాంటి ఎండ. హాలు వెనక వలిసె చేను గట్టున ఇరవై పెట్టెలు వరుసగా పెట్టి ఉన్నాయి. ఈగలు జోరుగా పోతున్నాయి, పుప్పొడి పట్టుకుని వస్తున్నాయి. పెట్టె తెరవడానికి అంతకన్నా మంచి వేళ ఉండదు. మమ్మల్ని మాత్రం కుర్చీల్లోంచి లేవనివ్వలేదు. అతిథి 12:10కి వచ్చారు. జ్యోతి వెలిగించడం, పద్నాలుగు మందికి దండలు, శాలువాలు, ప్రసంగాలు. అన్నీ అయ్యేసరికి రెండు దాటింది.

భోజనం మాత్రం బాగా పెట్టారు, ఆ మాట చెప్పాలి. ఏజెన్సీలో పండిన రాజ్మాతో కూర వండారు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొంచెం అల్లం తప్ప ఏ మసాలా లేదు. గింజ వెన్నలా నలిగింది. అక్క రెండోసారి వేయించుకుని, ముందురోజు సాయంత్రం తర్వాత మొదటిసారి నా వైపు చూసి నవ్వింది.

మధ్యాహ్నం ఉపన్యాసాల్లో తెర మీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. వెనక కూర్చున్న గిరిజన మహిళలు కొంతసేపు చూసి తలలు వంచుకున్నారు. ఒక్కాయన మాత్రం తెర ఆపించి మాట్లాడాడు. పెట్టెలు లారీకెక్కించి పూత వెంట తిరిగే ఇటాలియన్ ఈగల పెంపకందారు. ఈగల ఒంటికి పట్టుకునే వరోవా పురుగు ఉందో లేదో ఎలా చూడాలో సీసా పట్టుకుని చూపించాడు. అరకప్పు ఈగల్ని, అంటే సుమారు మూడు వందల్ని, జాలీ మూత ఉన్న సీసాలో వేసి, మెత్తటి చక్కెర పొడి చల్లి, మెల్లగా దొర్లించి, తెల్ల కాగితం మీద దులిపితే పురుగులు రాలతాయి. ఈగలకి ఏమీ కాదు, పొడి నాకి శుభ్రం చేసుకుంటాయి. మన పుట్ట ఈగలు ఆ పురుగుని ఒకదాని ఒంటి మీంచి ఒకటి ఏరి పారేస్తాయి కాబట్టి మనకి దాని బెడద తక్కువని కూడా చెప్పాడు. ఆ పావుగంటకే ఐదు వందలు వసూలయ్యాయి.

చివరికి "రండి, పెట్టెలు చూద్దాం" అని లేపేసరికి 3:40. ఎండ కొండ వెనక్కి పోయింది. శిక్షణ ఇచ్చేందుకు వచ్చిన ఆయన మొదటి పెట్టె మూత మీద చెయ్యి పెట్టి, కాసేపు నిలబడి, చెయ్యి తీసేశారు. "ఇప్పుడు తెరవకూడదమ్మా. ఈగ పిల్లలున్న పట్టు 34, 35 డిగ్రీల వెచ్చదనంలో ఉండాలి. ఈ చలిలో పట్టు కట్టిన ఫ్రేములు బయటికి తీస్తే మీకు పాఠం అవుతుంది, వాటికి చావు అవుతుంది" అన్నారు. ఆయన మాట నూటికి నూరుపాళ్ళు నిజం. అందుకే నాకు కడుపు మండింది. ఆయన మీద కాదు. తేనెటీగల సదస్సు పెట్టినవాళ్ళకి ఎండ ఉన్న వేళ ఏదో తెలియదా? ప్రసంగాలు రాత్రి దీపాల కింద కూడా చెప్పుకోవచ్చు. పెట్టెకి పదింటి నుంచి మూడింటి లోపే వేళ. జీపుల్లో వచ్చిన ఆడవాళ్ళలో చాలామంది ఏమీ చూడకుండానే తిరిగి వెళ్ళిపోయారు. వాళ్ళకి రెండో రోజు రావడానికి కుదరదు.

ఆయన మా ముఖాలు చూసి, "రేపు పదింటికి హాల్లోకి వెళ్ళకండి, తిన్నగా ఇక్కడికే రండి" అన్నారు.

ఆ రాత్రి లాడ్జి వదిలేశాం. కట్టిన అడ్వాన్సు మొదటి రాత్రి లెక్కలోకే వెళ్ళింది. భోజనాల దగ్గర పరిచయమైన ఒకావిడ వాళ్ళ ఊళ్ళో ఇల్లు ఇస్తారని చెప్తే ఆటోలో వెళ్ళాం. మట్టిగోడల ఇల్లు, పెంకులు, ఒక గది, ముగ్గురికీ కలిపి 900. మరుగుదొడ్డి బయట, ఫోన్ సిగ్నల్ లేదు. మనిషికి 180కి రాత్రి భోజనం, పొద్దున చోడి అంబలి, ఉప్మా. ఆ ఇంటి పెద్దావిడ అడగకుండానే పొయ్యి మీద నీళ్ళు కాచి, అక్క మోకాళ్ళకి కాపడం పెట్టుకోమని గుడ్డ ఇచ్చింది. వేణ్ణీళ్ళకి లెక్క కట్టలేదు. బయటి మరుగుదొడ్డి ఇబ్బంది అనుకునేవాళ్ళకి ఇది పడదు. నాకైతే మళ్ళీ అరకు వెళ్తే అలాంటి ఇల్లే కావాలి.

ఆదివారం పదింటికి పాతిక మందిమి చేను గట్టుకి చేరాం. చేలో ఫొటోలకి రైతు మనిషికి 20 తీసుకుంటున్నాడు. తీసుకోనీ అనిపించింది, జనం వలిసె మొక్కలు తొక్కుతున్న తీరు చూస్తే. వలిసెలో ఈగ వాలకపోతే గింజ సరిగా కట్టదు. అందుకే పెట్టెలు పెట్టుకోమని ఆ రైతే అడుగుతాడట.

పెట్టె తెరిచింది పక్క ఊరి తాత. చేతులకి తొడుగు లేదు, ముఖానికి జాలీ లేదు. పొగడబ్బా ఒక్కసారి ఊది, ఫ్రేముని పైకి తీయడం నూతిలోంచి నిండు చేద తోడినంత నిదానంగా తీశాడు. శిక్షకులు పక్కన నిలబడి చెప్పారు. ఆరోగ్యంగా ఉన్న పట్టులో పిల్లల గదులు ఎడం లేకుండా ఒకే పలకలా ఉండాలి. గుడ్లు, పురుగు దశలో ఉన్న ఈగ పిల్లలు, మూసిన గదులు చిందరవందరగా, మధ్యలో ఖాళీలతో కనిపిస్తే అనుమానించాలి. నాలుగో పెట్టెలో ఒక ఫ్రేము అలాగే ఉంది. మూత చిరిగిన గదుల్లోంచి ఆ పిల్ల పురుగులు తల పైకి ఎత్తి, సన్నటి పడవ మొనలా కనిపించాయి. ఆయన చిమటాతో ఒకదాన్ని పైకి తీస్తే, నీళ్ళు నిండిన చిన్న సంచిలా వేలాడింది.

నాకు కాళ్ళు వణికాయి. అవే. పోయిన ఏడాది నా పెట్టెల్లో నేను చూసినవి అవే.

దాన్ని థాయ్ శాక్‌బ్రూడ్ అంటారు, వైరస్. 1991, 92 ప్రాంతంలో ఇది దక్షిణాదిలో వ్యాపించి దేశవాళీ ఈగల పెట్టెల్లో నూటికి తొంభైకి పైగా తుడిచిపెట్టుకుపోయాయట. మందు లేదు. చచ్చిన పిల్లల్ని బయటికి లాగే కూలి ఈగలే మళ్ళీ మిగతా పిల్లలకి మేత పెడతాయి, రోగం అలా పాకుతుంది. నేనేం చేశానో ఆయనకి చెప్పాను. ఈగలు తగ్గిన పెట్టెకి బలం వస్తుందని బాగున్న పెట్టెలోంచి ఫ్రేము తీసి ఇందులో, ఇందులోది అందులో పెట్టాను. అంటే ఏడు పెట్టెలకీ రోగం మోసింది నా చేతులే. కళ్ళ నీళ్ళు ఆగలేదు. తాత ఫ్రేము దించి, "తెలిసుంటే సేత్తావేటమ్మా" అన్నాడు.

శిక్షకులు చెప్పినవి రాసుకొచ్చాను. ఫ్రేములు పెట్టె నుంచి పెట్టెకి మార్చకూడదు. ముందు బాగున్న పెట్టెలు, చివర్న అనుమానం ఉన్నవి చూడాలి. చేతులు, పనిముట్లు సబ్బుతో కడుక్కోవాలి. రోగం కనిపిస్తే రాణిని చిన్న పంజరంలో పదిహేను, ఇరవై రోజులు బంధించి గుడ్లు ఆపితే, కొత్త పిల్లలు లేక, కూలి ఈగలు గదులు శుభ్రం చేసుకుంటాయి. రోగం వచ్చినా తట్టుకుని నిలబడిన పెట్టెల నుంచే కొత్త పెట్టెలు చీల్చుకోవాలి. రాణి పంజరాలు అక్కడే 60 చొప్పున రెండు కొన్నాను.

అప్పుడే అక్క సంచీలోంచి సీసా తీసింది. రోడ్డు పక్క "కొండ తేనె" అని రెండు సీసాలు 900 పోసి కొన్నది నాకు చెప్పలేదు. శిక్షకులు చుక్క తీసి, తేమ కొలిచే రిఫ్రాక్టోమీటరు మీద వేసి చూస్తే 25.5 శాతం. ఇరవై శాతం దాటకూడదన్నది మన ప్రమాణం. "కల్తీ అని దీంతో తేల్చలేం. దీనికి తేమ మాత్రమే తెలుస్తుంది, పాకం కలిపారా లేదా అన్నది ల్యాబులోనే తేలాలి. కానీ ఇంత నీరుంటే త్వరగా పులుస్తుంది" అన్నారు. నీళ్ళలో వేసి చూడటం, వత్తి ముంచి వెలిగించడం లాంటి పరీక్షలు నమ్మొద్దని కూడా చెప్పారు. దారి పొడుగునా అక్క ముఖం చిన్నబోయే ఉంది. తేనె పెంచే ఇంటి మనిషికే ఇలా అమ్మితే, ఊరి నుంచి పిల్లలకని కొనుక్కెళ్ళేవాళ్ళ సంగతేమిటి?

లెక్క రాస్తున్నాను, వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది. ముగ్గురికి రైళ్ళు, బస్సులు 2,310. సదస్సు 1,500. లాడ్జి 2,620. రెండో రాత్రి ఇల్లు, భోజనాలు 1,440. మిగతా తిండి 980. ఆటోలు, జీపు 600. తేనె సీసాలు 900, పంజరాలు 120. మొత్తం 10,470. బొంగు చికెన్ అబ్బాయి అడిగాడు గానీ రేటు విని వాడే వద్దన్నాడు. ఇలాంటి సదస్సుకి వెళ్ళేముందు ఫోన్ చేసి ఒక్కటే అడగండి, పెట్టెలు ఏ వేళకి తెరుస్తారని. "ప్రారంభ సభ తర్వాత" అని చెప్తే, రెండో రోజుకే వెళ్ళండి.

సోమవారం పొద్దున ఇంటికి చేరాం. పదిన్నరకి ఎండ బాగా పడ్డాక ఉన్న ఐదు పెట్టెలూ వరుసగా తెరిచాను. నాలుగు బాగున్నాయి. ఐదోదాంట్లో, మూడో ఫ్రేము అంచున, తల ఎత్తిన పిల్ల పురుగులు ఆరు కనిపించాయి. రాణిని పంజరంలో పెట్టి, చేతులు కడుక్కుని, తేదీ పెట్టె మూత మీద సుద్దతో రాశాను. ఇవాళ్టికి పదకొండో రోజు. ఈగలు పెట్టె వదిలి పోలేదు, పొద్దున కూడా గుమ్మంలోంచి చచ్చిన పిల్లల్ని బయటికి లాగి పడేస్తున్నాయి. అక్క రోజూ వచ్చి చూసి వెళ్తోంది.